సూర్యుని వెంట నడచిన జాన్సెన్

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీ అపరాహ్ణమున పాలమూరు పట్టణమును చంద్రుని నీడ కప్పినది. అప్పుడు నేను పదేండ్ల బాలుడను. మా యింట తలుపులు, కిటికీలు మూసిరి. ఊరగాయ జాడీలపై దర్భలు వేసిరి. పిల్లలము గదిలో కూర్చుండి, తలుపు సందులనుండి లోనికి వచ్చు వెలుగు సన్నగిల్లుట మాత్రమే చూచితిమి. ఆ వేళనే, మాకు ఎంతో దూరము లేని జపాల్-రంగాపూరులో, ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి వేధశాలయందు, శాస్త్రజ్ఞులు ఆ గ్రహణముకొఱకే యంత్రములు సిద్ధపఱచుకొని కాచియుండిరని పెద్దవాడనైన పిదపగాని నాకు తెలియలేదు.

ఆ నీడ మన సీమకు క్రొత్తది కాదు. అంతకు 112 ఏండ్లకు ముందు, 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున, అట్టిదే మఱియొక నీడ బీజాపురము మీదుగా తూర్పునకు సాగి, మన పాలమూరును కప్పి, కృష్ణాతీరము వెంబడి పోయి, గుంటూరును, మచిలీపట్టణమును చీకటిలో ముంచి, బంగాళాఖాతముపైకి వెడలిపోయెను. నాటికి మన పట్టణమునకు మహబూబ్‌నగరమను పేరు లేదు. అది 1890లో వచ్చినది. ఆనాడును మనవారిలో పెక్కుమంది నదీస్నానములు చేసి, తలుపులు మూసికొని యుందురు. కాని గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని యింట, పారిసు నగరమునుండి వచ్చిన ఒక పురుషుడు దూరదర్శినికి కన్ను ఆనించి యుండెను. ఆయనకు 44 ఏండ్లు. ఒక కాలు కుంటిది. ఆయన పేరు పియేర్ జూల్ సెజార్ జాన్సెన్.

హీలియమును గుంటూరులో కనుగొనిరని మన పిల్లలు చదువు పుస్తకములలో ఒక వాక్యము తఱచు కనబడును. ఆ వాక్యము వెనుకనున్న మనుష్యుడెవరో, అందులో సత్యమెంతయో చెప్పువారు తక్కువ. పరీక్షకు ఒక మార్కు తెచ్చిపెట్టు ఆ వాక్యములో ఒక నిండు జీవితము దాగియున్నది. దానిని చెప్పుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిసులో జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనముననే ఒక దాది అజాగ్రత్తవలన సంభవించిన ప్రమాదముచే కాలు చెడి, ఆయన జీవితాంతము కుంటుచునే నడచెను. ఆ కారణమున ఇతర బాలురవలె పాఠశాలకు పోవు భాగ్యము కలుగలేదు. ఇంటనే చదువు నేర్చెను. కుటుంబమునకు కలిమి తఱిగిపోగా, పదునాఱేండ్ల ప్రాయముననే ఒక బ్యాంకులో కొలువునకు కుదిరి, కొన్ని యేండ్లపాటు పగలు లెక్కలు వ్రాయుచు, తీఱిక వేళల తనకు తానే గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించెను. తోడివారు ఉద్యోగములలో కుదురుకొను వయస్సున, అనగా 28వ యేట, ఆయన పట్టము పొందెను. పిమ్మట కొంతకాలము ఉపాధ్యాయుడై బోధించెను.

దూరదేశ ప్రయాణములకు ఆయన దేహము తగినది కాదని ఎవరైనను చెప్పియుందురు. ఆయన మాత్రము 1857లో భూమియొక్క అయస్కాంత మధ్యరేఖను నిర్ణయించుటకై దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు వెడలెను. అచ్చట రోగగ్రస్తుడై తిరిగి వచ్చెను. జీవనోపాధికై ల క్రూజో పట్టణమున, పెద్ద ఇనుప కర్మాగారముల యజమానుల యింట పిల్లలకు చదువు చెప్పుచు, కరగిన లోహపు మిరుమిట్లు గొలుపు వెలుగును గూర్చి ఆలోచింప సాగెను. అంతటి మంటను చూచియు కన్ను ఏల చెడదను ప్రశ్న ఆయన మనస్సును పట్టినది. వేడిని మోయు కిరణములను కంటిలోని ద్రవములే చాలవఱకు పీల్చివేయునని ఆయన తేల్చెను. ఆ పరిశోధనకే 1860లో డాక్టరు పట్టము లభించెను. పాఠము చెప్పుటకు పోయినవాడు ఆ చోటనే తన పాఠమును తాను కనుగొనెను.

సరిగా ఆ దినములలోనే జర్మనీ దేశమున కిర్కాఫ్, బున్సెన్ అను ఇరువురు పండితులు విజ్ఞానలోకమున ఒక క్రొత్త ద్వారము తెఱచిరి. సూర్యకాంతిని గాజు పట్టకముగుండ పంపినచో అది ఏడు వన్నెల పట్టీగా విడివడునని న్యూటను కాలమునుండియు తెలిసినదే. ఆ పట్టీలో అచ్చటచ్చట నల్లని సన్నని గీతలుండుటయు తెలిసినదే. ఆ గీతలు మూలపదార్థముల సంతకములని ఆ జర్మను పండితులు 1859, 1860 సంవత్సరములలో నిరూపించిరి. వెలుగుచున్న వాయువు కొన్ని నియతమైన వన్నెలలో ప్రకాశవంతములైన గీతలనిచ్చును. అదే వాయువు, తనకంటె వేడియైన వస్తువునుండి వచ్చు కాంతికి అడ్డమైనచో, ఆ గీతలనే నల్లగా చేసి చూపును. ఉప్పును మంటలో చల్లినపుడు వచ్చు పసుపు వెలుగు సోడియముదని నేడు ఉన్నత పాఠశాలలోని బాలుడును చెప్పగలడు. దీపమును తాకకయే దానిలో మండునది యేమో చెప్పగలుగుట నాడు గొప్ప వింత. సూర్యుని చేరకయే సూర్యుని పరీక్షింపవచ్చునన్న ఆశ అందుండి పుట్టినది.

జాన్సెన్ ఆ విద్యను తన జీవితవిద్యగా స్వీకరించెను. సూర్యుని వర్ణపటములోని నల్ల గీతలన్నియు సూర్యునివి కావనియు, కొన్ని మన భూమి గాలివలన కలుగుననియు ఆయన భావించెను. దానిని ఋజువు చేయుటకు ఆయన పూనిన ప్రయోగము చిత్రమైనది. 1864లో స్విట్జర్లండునందు ఒక సరస్సు ఒడ్డున కట్టెలు పేర్చి పెద్ద మంట వేయించి, సుమారు 20 కిలోమీటర్ల దూరమున జెనీవాలో నిలిచి ఆ మంటను పరీక్షించెను. దగ్గఱనుండి చూచినపుడు ఆ కాంతిలో లేని గీతలు, దూరమునుండి చూచినపుడు కనబడెను. నడుమనున్న గాలియే వానికి కారణము. పిదప పారిసులోని ఒక గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల పొడవైన గొట్టమును నీటియావిరితో నింపి, ఆ గీతలలో పెక్కు నీటియావిరివే యని స్థాపించెను. 1867లో సాంటోరిని ద్వీపమున అగ్నిపర్వతము మండుచుండగా అచ్చటికి పోయి, ఆ జ్వాలలలో ఉదజని వాయువు కలదని చెప్పెను. కుంటికాలితో అగ్నిపర్వతముకడ నిలిచినవానికి గుంటూరు దూరము కాదు.

1868 ఆగస్టు గ్రహణము సామాన్యమైనది కాదు. సయాము సముద్రముపై సంపూర్ణగ్రాసము ఏడు నిమిషములకు కొద్ది క్షణములే తక్కువ. గుంటూరులో ఐదు నిమిషములకు పైగా. వర్ణపటదర్శిని చేతికి వచ్చిన తరువాత పండితులకు లభించిన మొదటి దీర్ఘగ్రహణమది. అందుచే ఐరోపా పండితులు మన దక్కనునకు తరలిరి. ఆంగ్లేయ సైనికాధికారి టెన్నెంటు బృందము గుంటూరుననే దిగెను. మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణమునకు పోయెను. ఆ వేధశాలలోనే సహాయకుడైన చింతామణి రఘునాథాచారి మన వనపర్తికి గ్రహణ పరిశీలనకై వచ్చెను. దృగ్గణిత పంచాంగమును వెలువరించినవాడును, చలనక్షత్రమొకదానిని కనుగొన్న కీర్తి గలవాడును అగు ఆ పండితుడు మన జిల్లా నేలపై నిలిచి ఆకాశమును చూచిన సంగతి మన విద్యార్థులు మఱువరాదు. ఆనాడు తలుపులు తెఱచినవారిలో మనవాడొకడు కలడు.

ఆ దినమున గుంటూరులో జరిగినదిది. సూర్యబింబము పూర్తిగా మఱుగుపడినంతనే దాని అంచున ఎఱ్ఱని జ్వాలలు లేచి కనబడెను. వానిలో ఒకటి కొమ్మువలె లక్ష కిలోమీటర్లకు మించిన ఎత్తున నిలిచియుండెను. అవి యేమి? సూర్యునిపై పర్వతములా? మేఘములా? కంటి భ్రమయా? అప్పటివఱకు ఎవరును గట్టిగా చెప్పలేకపోయిరి. జాన్సెన్ తన యంత్రమునందలి సన్నని చీలికను ఆ జ్వాలపైకి త్రిప్పెను. ఏడు వన్నెల అఖండమైన పట్టీ కనబడలేదు. చీకటి నడుమ కొన్ని గీతలే, మిక్కిలి తేజస్సుతో, వెలుగుచుండెను. ఎఱుపు గీత, నీలి గీత ఉదజనివే. జ్వాలలు మండుచున్న వాయుమేఘములని, వానిలో ప్రధానమైనది ఉదజని యని ఆ కొద్ది నిమిషములలో తేలిపోయినది. తక్కిన చోట్ల పరిశీలించిన పండితులును ఇదే తెలిసికొనిరి.

అయితే జాన్సెన్ ప్రతిభ ఇంతటితో ఆగలేదు. గ్రహణము విడుచుచుండగా ఆయనకు ఒక ఊహ తోచెను. ఆ గీతలు ఇంత ప్రకాశముతో నున్నవి గదా. గ్రహణము లేనప్పుడు మాత్రము వీనిని ఏల చూడరాదు? మామూలు దినములలో జ్వాలలు కనబడకపోవుటకు కారణము గాలిలో చెదరిన సూర్యకాంతి. ఆ కాంతిలో అన్ని వన్నెలును కలవు గావున, పట్టకములను పెంచి దానిని ఎంత వెడల్పుగా పఱచిన అంత పలుచబడును. జ్వాలల కాంతి యన్ననో కొన్ని గీతలలోనే కుదురుకొని యున్నది. అది పఱచినను పలుచబడదు. పొట్టును తూర్పార బట్టి గింజను నిలుపుకొన్నట్లు, ఒకే యంత్రము ఒక కాంతిని చెదరగొట్టి మఱియొకదానిని నిలుపును.

మఱునాడు, ఆగస్టు 19న, సూర్యోదయమునకే ఆయన యంత్రముకడ సిద్ధముగా నుండెను. చీలికను సూర్యుని అంచునకు చేర్చి చూచెను. గీతలు కనబడెను. గ్రహణము ముగిసిన మఱునాడు, పట్టపగలు, గుంటూరు ఆకాశమున మనుష్యుడు సూర్యజ్వాలలను చూచెను. అట్లు దినదినము సెప్టెంబరు మొదటివారము వఱకు వాని ఆకృతులను గమనించి, అవి గంటలలో మాఱిపోవుట కనుగొనెను. ఎన్నో యేండ్లకొకసారి, కొద్ది నిమిషములు మాత్రమే లభించు దర్శనమును నిత్యదర్శనముగా మార్చినవాడు ఆయన.

సెప్టెంబరు 19న కాకినాడనుండి ఆయన పారిసు శాస్త్ర పరిషత్తునకు లేఖ వ్రాసెను. నాటి లేఖలు ఓడలమీద పోవలెను. ఆ లేఖ సముద్రముపై నుండగనే, అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అను మఱియొక పండితుడు ఇదే పద్ధతిని స్వతంత్రముగా సాధించెను. గ్రహణమును చూడకయే, ఇండియాకు రాకయే, ఆలోచనాబలముచే ఆయన దానిని చేరెను. ఇరువురి వార్తలును అక్టోబరు 26న ఒకే సమావేశమున పారిసు పరిషత్తు ముందునకు వచ్చెను. కాకతాళీయమనగా ఇదియే. ఎవరు ముందన్న కలహము రాదగిన చోట, ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను ఒకే పతకముపై చెక్కించి 1872లో గౌరవించెను. విజ్ఞాన చరిత్రలో ఇట్టి ఔదార్యము తఱచు కనరాదు.

ఇక హీలియము సంగతి. ఆ గ్రహణమున పెక్కుమంది పరిశీలకులకు ఎఱుపు, నీలి గీతలతోపాటు ఒక పసుపు గీతయు కనబడెను. అది ఉప్పులోని సోడియముదే యని పలువురు తలచిరి. లాకియరు ఆ గీత స్థానమును జాగ్రత్తగా కొలిచి, అది సోడియము గీతల ప్రక్కనున్నను వానితో కలియదని చూపెను. భూమిపై తెలిసిన యే పదార్థమునకును ఆ గీత సరిపడలేదు. కనుక సూర్యునికి గ్రీకు భాషలో గల పేరునుండి హీలియమను నామము దానికి వచ్చెను. 1895లో రామ్సే అను రసాయనవేత్త ఒక యురేనియము ఖనిజమునుండి వెలువడిన వాయువును పరీక్షింపగా ఆ పసుపు గీతయే కనబడెను. కావున గుంటూరులో జాన్సెన్ ఒక్కడే హీలియమును కనుగొనెననుట పూర్తి సత్యము కాదు. ఆయన జ్వాలలను నిత్యము చూచు మార్గమును చూపెను. లాకియరు గీతను గుర్తించెను. రామ్సే పదార్థమును చేతికి అందించెను. ఉపాధ్యాయులు ఈ మూడు మాటలు కలిపి చెప్పినచో బాలురకు ఆవిష్కరణ యన నేమో తెలియును. గుంటూరునకు రావలసిన గౌరవము దీనివలన తఱుగదు.

జాన్సెన్ శేషజీవితము కథవలె నుండును. 1870లో జర్మను సైన్యములు పారిసును ముట్టడించెను. ఆ డిసెంబరు 22న ఆల్జీరియాలో సంపూర్ణగ్రహణము. శత్రువులనుండి అనుమతి పొంది బయటపడుటకు ఆయన అంగీకరింపలేదు. డిసెంబరు 2న ఒక బెలూను ఎక్కి, శత్రుసేనలమీదుగా గాలిలో పయనించి, ఫ్రాన్సు పడమటి తీరసమీపమున దిగి, ఆఫ్రికాకు చేరెను. తీరా గ్రహణవేళకు మబ్బులు కమ్మి ఏమియు కనబడలేదు. ఇంతటి నిరాశకు మఱియొకరైన కృంగిపోయెడివారు. ఆయన మఱుసటి యేడు డిసెంబరు 12న తిరిగి ఇండియాకు వచ్చి, నీలగిరులనుండి గ్రహణమును చూచి, సూర్యుని చుట్టునున్న కరోనా కాంతిలో నల్ల గీతలను కనుగొనెను. ఆ కాంతిలో కొంత భాగము, నడుమనున్న ధూళికణములపై పడి చెదరిన సూర్యకాంతియే యని దానివలన తెలిసినది.

1874లో శుక్రుడు సూర్యబింబమును దాటునపుడు జపానునకు పోయి, తుపాకివలె తిరుగుచు వరుసగా ఛాయాచిత్రములు తీయు యంత్రమును వాడెను. నేటి చలనచిత్రమునకు అది తాతవంటిది. పారిసు సమీపమున మ్యూదోనునందు సూర్యపరిశోధనకై వేధశాలను స్థాపించి, వేలకొలది సూర్యచిత్రములు తీయించెను. వర్ణపటములోని ఆమ్లజని గీతలు సూర్యునివా, భూమివా తేల్చుటకు పలుచని గాలిలోనికి పోవలెనని, 66వ యేట, నడువలేనివాడయ్యు, మార్గదర్శకులు లాగు బల్లపై కూర్చుండి ఐరోపాలోని మోంబ్లా శిఖరమును ఎక్కెను. అది 4,800 మీటర్లకు మించిన మంచుకొండ. 69వ యేట మరల ఎక్కెను. శిఖరముపై మంచులోనే ఒక వేధశాలను నిర్మింపజేసెను. అది ఏటేట మంచులో దిగబడి, ఆయన మరణించిన కొలదికాలమునకే తొలగింపబడెను. 1907 డిసెంబరు 23న, 83వ యేట, జాన్సెన్ మ్యూదోనులో కన్నుమూసెను.

ఆయన చూచిన జ్వాలలను నేడు ప్లాస్మా యందురు. ఎలక్ట్రానులు విడివడిన వాయుస్థితి యది. దానిలోనికి ఉష్ణమాపకమును దించుటకు వీలులేదు. దించిన యంత్రము ఆవిరియగును. కాంతి గీతలే అక్కడి సమాచారమును తేవలెను. గీత వెడల్పునుబట్టి పరమాణువుల వేడిని, స్థానము జరుగుటనుబట్టి వాని వేగమును, రెండు గీతల ప్రకాశముల నిష్పత్తినిబట్టి ఎలక్ట్రానుల ఉష్ణోగ్రతను తెలిసికొందురు. టోకమాక్ యంత్రములలో అతిస్వల్పముగా హీలియమును వదలి, దాని ఎఱుపు గీతలలో మూడింటిని పోల్చి అంచులయందలి వేడిని, సాంద్రతను లెక్కించుట నేడొక పరిపాటి.

కాని ఆ లెక్కకు ఒక ముందుమాట కావలెను. పరమాణువు ఉత్తేజితస్థితిలో ఎంతసేపు నిలుచును? ఏ గీతగా ఎంత తఱచుగా వెలుగును? ఈ స్వభావములు తెలియనిదే గీతల నిష్పత్తికి అర్థము లేదు. తూకపురాళ్ళ బరువు తెలియని త్రాసు వంటిదది. 1960లో పుట్టిన లేసరు ఇచ్చట తోడ్పడినది. ఒకే శుద్ధమైన వన్నెగల లేసరు స్పందనముతో పరమాణువును కోరిన మెట్టునకు ఎక్కించి, అది తిరిగి దిగునపుడు వెలువడు కాంతి ఎంతలో సన్నగిల్లునో కొలుతురు. సెకనులో నూఱుకోట్లవ భాగము ఒక నానోసెకను. గ్రహణమునాడు కనబడిన ఆ పసుపు గీతను వెలువరించు స్థితిలో హీలియము పరమాణువు సగటున 14 నానోసెకనులు మాత్రమే నిలుచును. ప్రయోగశాలలో ఇట్టి క్షణభంగురమైన కాలములను కొలిచి పెట్టుకొన్నందువలననే, అగ్నిగోళముల వేడిని దూరమునుండి చెప్పగలుగుచున్నారు.

గుజరాతులోని ప్లాస్మా పరిశోధన సంస్థవారు 1989లో నడపనారంభించిన టోకమాకునకు ఆదిత్య యని పేరిడిరి. 2023 సెప్టెంబరు 2న మన తెలుగు తీరమునందలి శ్రీహరికోటనుండి సూర్యపరిశోధనకై వెడలిన నౌక పేరును ఆదిత్యయే. అందలి ఒక యంత్రము సూర్యబింబపు వెలుగును తొలగించి, గ్రహణముతో పనిలేకయే కరోనాను చూచును. ఇనుపపు పరమాణువు పదమూడు ఎలక్ట్రానులను కోల్పోయి వెలువరించు ఆకుపచ్చని గీతను పరీక్షించును. జాన్సెన్ ఆనాడు తలపెట్టిన పని ఇట్లు కొనసాగుచున్నది. ఆయన లేఖ ఓడ యెక్కిన తీరముననే మఱికొంత దక్షిణమున ఈ నౌక నింగికెక్కినది.

1980లో మా పెద్దలు తలుపులు మూయుట మా మీది ప్రేమచేతనే. సూర్యుని వట్టికంటితో చూచిన చూపు చెడునన్నది నిజము. తగిన కవచము చేతికిచ్చి, పెరటిలో నిలువబెట్టి చూపించువారు ఆనాడు మాకు లేకపోయిరి. కుంటికాలితో సముద్రములు దాటి వచ్చిన ఒక పరదేశీయుని కొఱకు, మన వనపర్తిలో నిలిచిన రఘునాథాచారి కొఱకు ఆ నీడ తన రహస్యములను విప్పెను. మరల అట్టి నీడ మన వాకిటికి వచ్చునాటికి, ఏ ఉపాధ్యాయుడైనను ఒక బాలుని చేయిపట్టి తలుపు తెఱచి వెలుపలికి తీసికొనిపోయినచో, ఈ కథ చెప్పిన ఫలము దక్కును.